కలుజు పారిందని రాశాను, చెరువు మాత్రం నిండలేదు

ఈసారి ప్రయాణం ఊళ్లు చూడాలన్న సరదాతో మొదలవలేదు. రెండేళ్ల కిందట ఇదే బ్లాగులో నేను పెట్టిన ఒక ఫోటో వల్ల మొదలైంది. అప్పట్లో ఉదయగిరి కొండెక్కి, తిరుగు దారిలో సోమశిల జలాశయం కూడా చూసి పోదామని అటు మళ్లి, అనంతసాగరం వైపు ఒక చిన్న చెరువు దగ్గర పది నిమిషాలు ఆగాను. చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే రాతి కట్టడాన్ని మా నెల్లూరు వైపు కలుజు అంటారు. ఆ రోజు కలుజు మీద నీళ్లు తెల్లగా దూకుతున్నాయి. ఫోటో తీసి, 'కరువు సీమలో నిండు చెరువు' అని పేరు పెట్టి, ఊరి పేరూ తేదీ వేసి పెట్టాను. నా రాతల్లో దాన్ని చూసినంతమంది ఇంకదేన్నీ చూడలేదు. ఇన్సూరెన్స్ ఆఫీసులో కాగితాలు చూసుకునే నాకు, ఒక వారం పాటు నేల మీద కాలు ఆనలేదు.

ఈ నెల మొదట్లో ఒక మెసేజ్ వచ్చింది. 'సార్, మీరు పెట్టిన ఫోటో వల్ల మా చెరువుకు రెండేళ్లుగా వంతు నీళ్లు రాలేదు. నమ్మకపోతే వచ్చి చూడండి' అని. పంపినాయన పేరు రవణయ్య. కాలువల వెంట తిరుగుతూ షట్టర్లు ఎత్తడం, దించడం చేసే లస్కర్. కాంట్రాక్టు మీద పనిచేస్తాడు, ఉండేది ఆ చెరువు కింది ఊళ్లోనే. మొదట నాకు కోపం వచ్చింది. నా ఫోటోకీ నీళ్లకీ ఏం సంబంధమని పెద్ద జవాబు టైపు చేసి, తుడిచేసి, మళ్లీ టైపు చేసి, చివరికి ఫోన్ చేశాను. ఆయన నిదానంగా చెప్పుకొచ్చాడు. ఆ చెరువు నిండిపోయిందని ఆఫీసు ఫైల్లో ఉన్న ఒకే ఒక రుజువు నా ఫోటో అట. దాన్ని చూసే పిల్లకాలువ షట్టర్ మూయమన్నారట. ఆ ఏడాది చెరువు ఎండింది. మరుసటి ఏడు, ఇది తొందరగా నిండే చెరువని రాసుకుని వంతుల్లో ఆఖరుకు నెట్టారు, నీళ్లు అక్కడిదాకా రానేలేదు. ఈ ఏడాది వంతులు తేల్చే మీటింగ్ వచ్చే బుధవారం ఆత్మకూరులో ఉంది. ఫోటో తీసినవాడే వచ్చి చెరువు నిండలేదని రాసిస్తే తప్ప ఫైల్లో మాట మారదన్నాడు. వస్తానన్నాను. అయితే ఒక సంగతి మాత్రం ఆయనకు ఆ ఫోన్లో చెప్పలేకపోయాను.

బుధవారం తెల్లవారుజామున అయిదింటికి నెల్లూరులో ఉదయగిరి బస్సెక్కాను. టికెట్ నూట యాభైకి లోపే, కూర్చుంటే మూడు గంటల ప్రయాణం. ఆత్మకూరులో మీటింగైతే ఉదయగిరి ఎందుకంటారా? అక్కడ నేను ముందు కలవాల్సిన మనిషి ఉంది. పేరు పెంచలమ్మ. ఆ చెరువు పక్కన చేపలు పట్టుకు బతికే పదిహేను ఇళ్ల కాలనీ ఉంది, ఆమెది అక్కడే. రెండేళ్ల కిందట నేను ఫోటో తీస్తున్నప్పుడు కట్ట మీద వల బాగుచేసుకుంటూ కూర్చుని ఉంది. చెరువు నిండిందా అమ్మా అని అడిగితే, లేదయ్యా, ఇది కిందోళ్ల నీళ్లు, పలకలు తీసినారు, రేపు మళ్లీ వేస్తారు అంది. అంటే ఏమిటో నాకు పూర్తిగా అర్థం కాలేదు, కానీ చెరువు నిండలేదన్న మాట మాత్రం స్పష్టంగా విన్నాను. విన్నాక కూడా 'నిండు చెరువు' అనే రాశాను, ఎందుకంటే ఆ పేరు బాగుంది. రవణయ్యకు ఫోన్లో చెప్పలేకపోయింది ఇదే. బస్సులో మూడు గంటలూ ఈ మాటే తిప్పి తిప్పి ఆలోచించాను. మరిచిపోయాను అని చెబితే సరిపోతుందేమో అని కూడా ఒకటి రెండుసార్లు అనుకున్నాను, అది కూడా ఇక్కడ రాసేయడం మంచిది.

ఎనిమిదింటికల్లా ఉదయగిరిలో దిగాను. కొండ మీద ఇంకా మంచు పొర ఉంది. బస్టాండు ఎదుట చిన్న హోటల్లో పులిసిన పిండితో వేసే పులిబొంగరాలు వేడివేడిగా తీస్తున్నారు, ప్లేటు ముప్పై రూపాయలు, కారం చట్నీ ఎంత అడిగితే అంత. ఇక్కడికి వచ్చేవాళ్లు కోటతో పాటు చెక్క చెంచాలూ చూస్తారు. కొండ కర్రతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కి బయటి ఊళ్లకు పంపే పని ఈ ఊళ్లో చాలా కాలంగా ఉంది. పెంచలమ్మ ఇప్పుడు అలాంటి ఒక షెడ్డులోనే కూలికి వస్తోందని రవణయ్య చెప్పాడు. చెరువు ఎండిన ఏడాది కాలనీలో సగం మంది పనుల కోసం తలోదిక్కూ పోయారట. పోస్టాఫీసు వెనక సందులో అడుగుతూ పోతే రేకుల షెడ్డు కనిపించింది. అయిదారుగురు ఆడవాళ్లు నేల మీద కూర్చుని, చెక్కిన చెంచాలను ఉప్పు కాగితంతో రుద్ది నునుపు చేస్తున్నారు. గాలి నిండా సన్నని పొట్టు.

నన్ను చూడగానే గుర్తుపట్టింది. నేనే పట్టలేకపోయాను. కట్ట మీద చూసినప్పటి కంటే చిక్కింది, తల మీద పొట్టు పడి జుట్టంతా నెరిసినట్టు ఉంది. నేను ముందే తయారు చేసుకున్న మాటలు ఒప్పజెప్పాను. నా వల్ల తప్పు జరిగింది, క్షమించమని అడగడానికి వచ్చాను అన్నాను. ఆమె చేతిలో చెంచా ఆపలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు మాత్రం ఆపి, నా వంక చూశారు. చెరువులో ఆ ఏడు ఏం జరిగిందని అడిగితే, చేపపిల్లలు వదిలినారని, అవి వేలంత అయ్యాయని, అప్పుడు నీళ్లు తగ్గడం మొదలైందని, వరసగా చెప్పింది. గొంతులో ఏ మార్పూ లేదు. చివరికి చెరువు మధ్యలో మడుగు మాత్రం మిగిలితే పట్టినా దేనికీ పనికిరానంత చిన్న చేపపిల్లలన్నీ అందులో పోగయ్యాయి.

"మూడు దినాలు కొంగలు తిన్నాయి. మేం కట్ట మీద కూర్చోని చూసినాం" అంది. "అవి కడుపు నిండా తిని ఎగరలేక నడిచినాయి."

మధ్యాహ్నం ఆత్మకూరు మీటింగుకు మీరు కూడా రండి, ఆ రోజు నాతో చెప్పిన మాటే అక్కడ చెప్పండి, కూలి పోకుండా నేను చూసుకుంటాను అన్నాను. ఎంత తెలివైన ఏర్పాటో అనుకున్నాను కూడా. ఆమె అప్పుడు చెంచా ఒళ్లో పెట్టుకుంది.

"నేనొకసారి చెప్పినాను గదయ్యా నీకు. చదువుకున్నోడివి, నీ చెవులతో విన్నావు, నువ్వే రాయలా. ఇంక నేనొచ్చి చెపితే వాళ్లు రాస్తారా?"

ఆమె మళ్లీ చెంచా తీసుకుంది. నిన్ను తిట్టేదానికి నాకు తీరిక లేదు, ఈ బుట్ట పొద్దు వాలేలోపల అయిపోవాల అంది. ఏం చేయాలో తోచక, షెడ్డు యజమాని దగ్గర ఆరు చెంచాలు కొన్నాను. కొంటున్నప్పుడే అర్థమైంది, అవి నాకు అవసరమై కొనడం లేదని. ఆమె కూడా ఆ చెంచాల వంక ఒకసారి చూసి, తల తిప్పుకుంది. అంత సిగ్గుగా నేనెప్పుడూ డబ్బు తీసి ఇవ్వలేదు.

పదింపావుకు ఆత్మకూరు బస్సు. గంటన్నర పట్టింది. ముందు సీట్లో కూర్చున్నాను కాబట్టి డ్రైవర్ మాట కలిపాడు. కొండకు పోయినారా అని అడిగాడు. కాదు, చెరువు పని మీద అన్నాను. చెరువు పని అంటే కాంట్రాక్టర్ అనుకున్నట్టున్నాడు, ఆయన చూపులో మర్యాద పెరిగింది. తమ ఊరి చెరువుకూ నీళ్లు రావాలని, డ్యాములో నీళ్లున్నాయని అందరూ చెబుతారే గానీ ఎవరిని అడగాలో తెలియదని, ఒక ఆఫీసుకు పోతే ఇంకో ఆఫీసు పేరు చెబుతారని విసుక్కున్నాడు. నేను కాంట్రాక్టర్ని కాదని చెప్పడానికి దిగేదాకా నోరు రాలేదు.

ఆత్మకూరు బస్టాండులో రవణయ్య బండి మీద ఎదురుచూస్తున్నాడు. యాభై ఉంటాయి. వెలిసిన ఖాకీ చొక్కా, చెవి మీద బీడీ. ముందు తినండి సార్, మళ్లా దొరకదు అని డిపో పక్కన మెస్సుకు తీసుకెళ్లాడు. భోజనం వంద, చేపల పులుసు వేరే. చెరువు చేపేనా అని అలవాటుగా అడిగాను. వడ్డించే ఆవిడ నవ్వి, ఇంకా యాడ చెరువు చేప, పెట్టెలో ఐసేసుకుని వచ్చినదే అంది. రవణయ్య తల ఎత్తలేదు. పులుసు మాత్రం బాగుంది, చింతపండు చిక్కగా. నేను సగం కూడా తినలేకపోయాను.

బండి మీద అనంతసాగరం రోడ్డున అరగంట. పెద్ద కాలువ దాటగానే పక్కకు చీలే పిల్లకాలువ, దాని మొదట్లో చక్రం తిప్పి ఎత్తే ఇనుప షట్టర్. ఇక్కడే సార్ మూసినాను అని బండి ఆపాడు. నీళ్ల సంగతి నాకు అర్థమయ్యేట్టు అక్కడే చెప్పాడు. డ్యాము గేట్లు ఒక ఆఫీసు చేతిలో. కాలువలో వచ్చిన నీళ్లను పంచేది ఇంకో ఆఫీసు. ఈ చెరువు చిన్నది కాబట్టి కట్ట, తూము పంచాయతీ లెక్కలోకి వస్తాయి. చేపపిల్లలు ఇచ్చేది మరో ఆఫీసు, తాగునీళ్లు చూసేది ఇంకొకటి. నీళ్లు వదిలాక చెరువు నిండిందా లేదా అని కట్ట మీదికి వచ్చి చూడాల్సిన మనిషి ఏ ఆఫీసులో ఉన్నాడంటే, ప్రతివాళ్లూ పక్క ఆఫీసులో ఉన్నాడనుకుంటారు. నేను పోస్టు పెట్టిన మర్నాడే జరిగిన ఆ ఏడాది మీటింగులో ఈ చెరువు సంగతి ఏమిటని అడిగితే ఎవరి దగ్గరా కాగితం లేదు. ఎవరో ఫోన్లో నా పోస్టు చూపించారు. తేదీ ఉంది, ఊరి పేరు ఉంది, కలుజు పారుతున్న ఫోటో ఉంది. వాళ్ల దగ్గర ఉన్న రుజువుల్లో అంత శుభ్రమైనది ఇంకోటి లేదట. ప్రింట్ తీసి ఫైల్లో పెట్టారు. నీళ్లు పక్క చెరువుకు తిప్పారు.

"నిండలేదు సార్ అన్నాను" అన్నాడు రవణయ్య. "ఫోటో ఉండాది కదయ్యా, నీకంటే బాగా కనబడతా ఉండాది అన్నారు. మూయమన్నారు. మూసినాను. నాది కాంట్రాక్టు."

చెరువు కట్ట ఎక్కాం. లోపల తుమ్మ చెట్లు తల ఎత్తు పెరిగాయి. మధ్యలో బర్రెలు మేస్తున్నాయి. దూరంగా ఒక మడుగు, దాని అంచున పగిలిన మట్టి. కలుజు దగ్గరికి పోయాక నా ఫోటోలో ఏం చూశానో నాకు మొదటిసారి తెలిసింది. కలుజు మీద వరసగా నిలువు రాళ్లు పాతి ఉన్నాయి. రెండు రాళ్ల మధ్య గాడి. ఆ గాడుల్లో చెక్క పలకలు దించి, సందుల్లో మట్టి, గడ్డి కూరితేనే చెరువులో నీళ్లు పూర్తి మట్టానికి నిలుస్తాయి. పలకలు తీసేస్తే చెరువు సగం కూడా నిండకుండానే కలుజు పారుతుంది. ఈ ఊళ్లో ఒక ఆచారం ఉంది. ఏటా కాలువలో మొదటి నీళ్లు రాగానే, తమ చెరువు నింపుకోకముందే పలకలు తీసి ఒక పగలూ ఒక రాత్రీ నీళ్లు కిందికి వదులుతారు. కింద ఇంకో ఊరుంది, దానికి కాలువ లేదు. ఆ ఊరి గుంట, గొడ్లు తాగే తొట్లు, బావులు ముందు తడవాలి. దీన్ని కింది వంతు అంటారు. ఆ తర్వాత పలకలు వేసుకుని తమ చెరువు నింపుకుంటారు. ఎప్పటి నుంచో ఇంతే. ఏ కాగితంలోనూ లేదు, ఎవరూ రాయించుకోలేదు, దాని మీద ఎప్పుడూ తగువు రాలేదు. పలకలు ఊళ్లో రచ్చబండ పక్కన పాకలో పేర్చి ఉంటాయి. ఆ రోజు వాటిని తీసినవాళ్లలో రవణయ్య కూడా ఉన్నాడు. మర్నాడు వేద్దామని పోయేసరికి షట్టర్ మూసెయ్యమని ఫోన్ వచ్చింది.

అంటే నేను ఫోటో తీసింది ఒక ఊరు ఇంకో ఊరికి ముందు నీళ్లిచ్చిన రోజున. రాసింది మాత్రం అందరికీ ఎక్కువై పొర్లిపోతున్నాయని.

కట్ట మీద కూర్చుని ఫోన్లో పాత ఫోటోలు వెతికాను. ఆ రోజువి ఏడు ఉన్నాయి. మూడోది తెరిచి చాలాసేపు చూశాను. కలుజు మీది నుంచి చెరువు లోపలికి తీసినది. సగం చెరువు పొడి నేల, దూరంగా బర్రెలు, తుమ్మ మొక్కలు. కుడివైపు పలకలు తీసి ఒడ్డున పేర్చినవి కూడా స్పష్టంగా పడ్డాయి. టైమ్ ఉంది, తేదీ ఉంది. ఆ రాత్రి లాడ్జిలో కూర్చుని ఏడింటిలో ఒకటి ఎంచి, దానిలో కూడా ఆ పొడి నేల కనబడకుండా అంచు కత్తిరించి పెట్టింది నేనే. ఫోన్ రవణయ్యకు ఇచ్చాను. ఇచ్చి, పెంచలమ్మ ఆ రోజే నాతో చెప్పిన మాట కూడా చెప్పేశాను. చెప్పకుండా ఆయన బండి వెనక మళ్లీ కూర్చోలేననిపించింది.

ఆయన ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు. పలకల్లో తాను మోసినదాన్ని గుర్తుపట్టినట్టు ఒక చోట వేలు ఆగింది. ఫోన్ తిరిగి ఇచ్చాడు.

"ఫోన్లో ఈ మాట చెప్పలేదే సార్" అన్నాడు.

అంతే. బండి దగ్గరికి నడిచాడు. అరవై దాటని బండి మీద ఆత్మకూరు చేరే ఆ అరగంట నాకు చాలా పొడుగ్గా గడిచింది. తిట్టి ఉంటే బాగుండేది.

మీటింగ్ మూడున్నరకు. పొడవాటి గది, రెండు వరసల కుర్చీలు, అయిదు ఆఫీసుల వాళ్లు, వెనక బెంచీల మీద ఊళ్ల నుంచి వచ్చిన రైతులు. ముందు కూర్చున్న ఇంజనీరమ్మకు నలభై ఏళ్లుంటాయి, కొత్తగా వచ్చారట. రెండేళ్ల కిందటి నిర్ణయం ఆమెది కాదు. మా చెరువు వంతు వచ్చినప్పుడు రవణయ్య లేచి నన్ను చూపించాడు. నేను నిలబడి, ఫోటో నాదేనని, చెరువు నిండలేదని, కింది వంతు కోసం పలకలు తీసి ఉన్నారని చెప్పి, మూడో ఫోటో ఆమెకు చూపించాను. ఒక ఆఫీసాయన, రెండేళ్లు నిద్రపోయి ఇప్పుడు లేచి వచ్చినాడా ఈయన అన్నాడు పక్కవాళ్లతో. గది మొత్తం వినబడింది. తప్పేం అనలేదు ఆయన.

ఇంజనీరమ్మ ఫోటో చాలాసేపు చూశారు. తర్వాత చాలా మామూలుగా అడిగారు.

"ఇది నిండలేదని మీకు ఆ రోజే తెలుసా?"

బస్సులో అనుకున్న 'మరిచిపోయాను' అన్న మాట నోటి చివరిదాకా వచ్చింది. రవణయ్య నా పక్కనే నిలబడి ఉన్నాడు.

"తెలుసు మేడం" అన్నాను. "ఒకామె చెప్పింది. నేనే రాయలేదు."

ఇంజనీరమ్మ నా చేత ఒక కాగితం రాయించుకుని, ఫోటో పంపించుకున్నారు. చెరువును వంతుల్లో ఆఖరు నుంచి ముందుకు జరిపారు. నీళ్లు వదిలాక ఫోటోలు కాదు, పంచాయతీ మనిషీ లస్కరూ ఇద్దరూ కట్ట మీద నిలబడి సంతకం పెడితేనే షట్టర్ మూయాలన్నారు. పలకలు తీసిన రోజు లెక్కలోకి రాదని కింది వంతు పేరు కూడా మినిట్స్‌లో రాయించారు. ఎన్నేళ్లుగానో కాగితం మీద లేని మాట అది. రవణయ్య అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. నేను వచ్చిన పని అయిపోయిందనుకున్నాను. కొంచెం ఊపిరి తీసుకున్నాను కూడా.

ఆమె ఫైలు మూయలేదు. పేజీలు తిప్పి, ఇంకో రెండు ప్రింట్లు నా వైపు తిప్పారు. రెండు వేరే చెరువులు. రెండింటి కింద మూలన నా బ్లాగు పేరు.

"ఇవి కూడా మీవేనా? ఇవైనా నిజమేనా?"

ఒకటి మబ్బుల నీడ పడిన చెరువు. ఎక్కడ తీశానో గుర్తు రావడానికి కాసేపు పట్టింది. తెలియదు మేడం, ఎవర్నీ అడగలేదు అన్నాను. అప్పుడు వెనక బెంచీల్లో నుంచి ఒక పెద్దాయన లేచాడు. భుజాన తువ్వాలు, చేతిలో చుట్టిన అర్జీ. అది మా చెరువు అన్నాడు. తన అర్జీ కూడా దాని గురించేనట. కోపంగా లేడు. నిజంగానే తెలుసుకోవాలనుకుంటున్నట్టు నన్ను చూశాడు.

"ఏ పొద్దు వచ్చినారు సార్ మా ఊరికి? నేను రోజూ కట్ట మీదనే ఉంటాను, మిమ్మల్ని చూడలేదే."

"రాలేదండీ" అన్నాను. "సోమశిల పోతూ బస్సు కిటికీలోంచి తీశాను."

గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వుతారేమోనని ఎదురుచూశాను, నవ్వితే కొంచెం తేలికయ్యేది. పెద్దాయన అర్జీ విప్పి, మళ్లీ చుట్టాడు. మా ఊళ్లో బస్సు ఆగతాది సార్, అని మాత్రం అన్నాడు. మీరు దిగలా.

ఆరింటి బస్సులో నెల్లూరు వచ్చేశాను. ఇన్నాళ్లూ నేను రాసేవి ఎవరికి ఏం చేస్తాయిలే, చదివి నవ్వుకుంటారు, లైక్ కొడతారు అనుకునేవాణ్ణి. ఆ ఆఫీసుల వాళ్లు ఒకరి మీద ఒకరు వదిలేసి కట్ట మీదికి రాలేదని కోపం తెచ్చుకోవచ్చు, బస్సు దిగేదాకా తెచ్చుకున్నాను కూడా. అయితే వాళ్లు రాలేదు, నేను వెళ్లాను. నిలబడి, చూసి, ఒక మనిషి చెప్పింది విని, వదిలేశాను. ఒక పక్క చేపపిల్లలు, ఇంకో పక్క చెరువు కింది నారుమళ్లు ఎండిపోతుంటే నేను ఇక్కడ కామెంట్లకు జవాబులు రాస్తూ కూర్చున్నాను. పాత పోస్టు తీసేయలేదు, తీసేస్తే నేను రాయలేదన్నట్టవుతుంది. దాని పైన ఈ సంగతి మొత్తం రాసి, ఆ ఏడు ఫోటోలూ పెట్టాను. మిగిలిన రెండు చెరువుల గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. వచ్చే ఆదివారం ఆ రెండు ఊళ్లకూ వెళుతున్నాను. పెంచలమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లే ధైర్యం ఇంకా రాలేదు. చెరువు వంతు ముందుకు జరిగిందని రవణయ్యతో కబురు పంపించాను. నీళ్లు వచ్చినాక చెప్పమను అందట.

అటు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఆత్మకూరు నుంచి అనంతసాగరం, సోమశిల వైపు బస్సులూ షేర్ ఆటోలూ ఉంటాయి, మనిషికి నలభై యాభై రూపాయల్లో అయిపోతుంది, చీకటి పడ్డాక మాత్రం దొరకవు. దారిలో చెరువు బాగుందనిపిస్తే కిటికీలోంచి ఫోటో తీసుకుని సరిపెట్టుకోకండి, ఆ ఊళ్లో దిగండి, తర్వాతి ఆటో గంటలోపే వస్తుంది. ఆ గంటసేపు కట్ట మీద ఎవరున్నారో వాళ్ల పక్కన కూర్చోండి. వాళ్లు చెప్పింది మీరు అనుకున్న పేరును చెడగొట్టేదైతే, పేరు మార్చుకోండి.